వణికే చేతికి తోడు కావాలి

మైనారిటీల హక్కులను గురించి మాట్లాడుకునేటప్పుడు మన చర్చ సాధారణంగా విద్య, ఉద్యోగాలు, వక్ఫ్ ఆస్తులు, భద్రత అనే విషయాల చుట్టూ తిరుగుతుంది. అవి విడువదగిన విషయాలు కావు. అయితే హక్కు అనే మాటకు ఇంటి గడపకు లోపల కూడా ఒక అర్థం ఉన్నది. పదిమందిలో కూర్చుని చాయ్ తాగగలగడం, బ్యాంకులో తన సొమ్మును తాను తీసుకోగలగడం, నేర్చిన పనితో బ్రతకగలగడం, పరీక్షలో తెలిసిన జవాబును వ్రాయగలగడం కూడా మనిషి గౌరవానికి సంబంధించినవే. చేతులు వణకడం అనే ఒకే ఒక్క కారణం చేత వీటన్నిటికీ దూరమవుతున్నవారు మన బస్తీలలో, మన మస్జిద్ సఫ్‌లలో, మన ఇళ్లలోనే ఉన్నారు. వారిని గురించి ఈ నెల మాట్లాడదలచాము.

ఈ వ్యాధికి వైద్యులు పెట్టిన పేరు ఎసెన్షియల్ ట్రెమర్. 1874లోనే ఇటలీ వైద్యుడు పియెత్రో బురేసి ఒక రోగి వణుకును వర్ణిస్తూ దాదాపు ఇదే పేరును వాడినాడు. ఇక్కడ ఎసెన్షియల్ అంటే అవసరమైనది అని అర్థం కాదు. మరొక రోగం వలన కాక దానంతట అది వచ్చిన వణుకు అని అర్థం. చేతులు ఒడిలో ఊరికే ఉన్నప్పుడు నెమ్మదిగానే ఉంటాయి. గ్లాసు పట్టుకున్నా, కలం పట్టుకున్నా, సూదిలో దారం ఎక్కించబోయినా వణుకు మొదలవుతుంది. కొందరికి తల, కొందరికి గొంతు కూడా వణుకుతాయి. ప్రపంచంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ప్రతి 100 మందిలో సుమారు ఒకరికి, 65 ఏళ్లు దాటినవారిలోనైతే ప్రతి 100 మందిలో నలుగురైదుగురికి ఇది ఉన్నట్లు లెక్క. ఇది ముసలితనానికే పరిమితమైనది కాదు. ఇరవై ఏళ్లకు ముందే మొదలైనవారు కూడా ఎందరో ఉన్నారు. రోగులలో సుమారు సగం మందికి కుటుంబంలో మరొకరికి కూడా ఉంటుంది. తల్లికో తండ్రికో వంశపారంపర్యంగా వచ్చిన వణుకు ఉంటే, బిడ్డలలో ఒక్కొక్కరికి అది సంక్రమించే అవకాశం సగానికి సగం వరకు ఉండవచ్చును.

ఇది ప్రాణం తీసే వ్యాధి కాదు. ఆ కారణం చేతనే దీనిని ఎవరూ లెక్కపెట్టరు. ఆసుపత్రిలో తొందర లేదు, ప్రభుత్వ పథకాలలో పేరు లేదు, ఇంట్లో సానుభూతి లేదు. వణుకును తగ్గించే పని వైద్యునిది. కాని వణుకుతున్న మనిషి నలుగురిలోకి రాలేక ముడుచుకుపోతున్నాడంటే ఆ బాధ్యత వైద్యునిది కాదు, మనది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ప్రధానంగా ఈ రెండవ విషయమే.

అపవాదు అనే రెండవ రోగం

చేయి వణికే మనిషిని చూసి లోకం మొదట అనుకునేది రెండే మాటలు. ఒకటి, భయపడుతున్నాడని. రెండు, తాగుతాడని. మద్యానికి అలవాటు పడినవారు దానిని మానినప్పుడు చేతులు వణకడం అందరికీ తెలిసిన సంగతి. ఆ తెలివినే జనం ఎదుటివారిమీద అన్యాయంగా ప్రయోగిస్తున్నారు. జీవితంలో ఎన్నడూ మద్యాన్ని ముట్టని మనిషి, మద్యం హరామ్ అని బిడ్డలకు బోధించే మనిషి, చాయ్ గ్లాసు వణికినందుకు చాటున ఆ మాట పడవలసి రావడం ఎంత బాధాకరమో వేరే చెప్పనక్కరలేదు. ఒక ముస్లిం కుటుంబంలో ఈ అనుమానం ఆ ఒక్క మనిషితో ఆగదు. ఇంటి పరువు, ఆడపిల్లల సంబంధాలు, మస్జిద్ కమిటీలో స్థానం దాకా ప్రాకుతుంది.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. కొద్దిపాటి మద్యం తీసుకుంటే ఈ వణుకు కాసేపు తగ్గుతుందని వైద్యగ్రంథాలలో ఉన్నది. ఆ మాటను పట్టుకొని తెలిసీ తెలియని సలహాలు ఇచ్చేవారు లేకపోలేదు. దీనికి మన సమాధానం ధర్మం రీత్యానే కాక వైద్యం రీత్యా కూడా స్పష్టంగా ఉండాలి. ఆ ఉపశమనం కొన్ని గంటలది మాత్రమే. మత్తు దిగిన తరువాత వణుకు మునుపటికంటే ఎక్కువగా తిరిగి వస్తుంది, పైగా వ్యసనం మిగులుతుంది. ఏ బాధ్యతగల వైద్యుడూ దీనిని చికిత్సగా వ్రాయడు. హలాల్ అయిన మందులు ఉండగా ఈ చర్చకే తావు లేదు.

తల వణికేవారి అవస్థ వేరు. తల అడ్డంగా ఊగుతుంటే ఎదుటివారు వద్దంటున్నట్లు అర్థం చేసుకుంటారు. గొంతు వణికితే ఏడుస్తున్నారని, భయపడుతున్నారని అనుకుంటారు. ఖుర్ఆన్ చదివి వినిపించేవారు, ఇమామత్ చేసేవారు, పాఠాలు చెప్పే ఉస్తాదులు గొంతు వణుకు మొదలైన తరువాత తమంతట తామే వెనుక సఫ్‌కు జరుగుతారు. ఎవరూ వారిని తొలగించరు. ఎవరూ ఆపరు కూడా.

ఇక ఆడపిల్లల సంగతి. పెళ్లిచూపులలో చాయ్ ట్రే పట్టుకొని రావడం మన ఇళ్లలో ఇంకా ఉన్న ఆచారం. కప్పు సాసరులో గలగలమన్నంత మాత్రాన సంబంధం తప్పిపోతుందేమోనని తల్లిదండ్రులు వణుకును దాస్తారు. దాచి చేసిన నికాహ్ తరువాత అత్తవారింట్లో అది బయటపడినప్పుడు మోసం చేశారన్న నింద వస్తుంది. ప్రాణాపాయం లేని, సంసారానికి అడ్డురాని ఒక వణుకును ముందే చెప్పగలిగే వాతావరణం మనం కల్పించలేకపోయాము. హాలీవుడ్ నటి క్యాథరిన్ హెప్‌బర్న్‌కు ఈ వ్యాధి వలన తల, గొంతు వణికేవి. ఆమెకు పార్కిన్సన్స్ వచ్చిందని లోకం అనుకున్నది. ఆమె ఆ వణుకుతోనే 1981 నాటి చిత్రంలో నటించి నాలుగవ ఆస్కార్ అందుకున్నది. అంతటి పేరుగలవారికి లోకం ఇచ్చిన చోటును మన ఇంటి కోడలికి మనం ఇవ్వలేమా?

ముందుగా రోగం ఏదో తెలియాలి

ఉర్దూలో, యునానీ వైద్యంలో వణుకును రాషా అంటారు. తెలుగులో వణుకుడు రోగం అంటారు. ఈ రెండు మాటలూ అన్ని రకాల వణుకులకూ చెల్లడం వలన చాలామంది పార్కిన్సన్స్ వచ్చిందని తామే నిర్ణయించుకొని కుమిలిపోతారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు కనిపిస్తుంది, మొదట ఒక పక్కన మొదలవుతుంది, దానితో పాటు నడక నెమ్మదించడం, కండరాలు బిగుసుకోవడం ఉంటాయి, చేతివ్రాత చిన్నదైపోతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ పని చేసేటప్పుడు వస్తుంది, సామాన్యంగా రెండు చేతులలోను ఉంటుంది, చేతివ్రాత పెద్దదిగా, వంకరటింకరగా మారుతుంది. అందుకే న్యూరాలజిస్టు ఒక తెల్లకాగితం ఇచ్చి నత్తగుల్ల వంటి సుడిగీతను గీయమంటారు.

థైరాయిడ్ ఎక్కువైనా, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ వంటి మందుల వలన, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వలన కూడా చేతులు వణకవచ్చును. కాబట్టి వాడుతున్న మందులన్నీ వైద్యునికి చూపించాలి. చిన్న వయసువారిలో వణుకు కనిపిస్తే విల్సన్స్ వ్యాధి లేదని నిర్ధారించుకోవడం అవసరం. శరీరంలో రాగి పేరుకుపోవడం వలన వచ్చే ఈ వ్యాధిని త్వరగా గుర్తిస్తే చికిత్స ఉన్నది, ఆలస్యమైతే కాలేయం, మెదడు దెబ్బతింటాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వచ్చినప్పుడే ఇది బయటపడుతుంది గనుక మేనరికాలు, దగ్గరి బంధువుల మధ్య వివాహాలు జరిగే కుటుంబాలలో దీని ప్రమాదం ఎక్కువ. మన దక్షిణాదిలో హిందూ ముస్లిం భేదం లేకుండా ఆ ఆచారం ఉన్నదే.

నాటు మందుల విషయంలోనూ ఒక మాట. వణుకుకు దూలగొండి విత్తనాలు మంచివని చెప్పుకుంటారు. వాటిలో పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా సహజంగానే ఉన్నది, కాబట్టి ఆ మాట పూర్తిగా నిరాధారం కాదు. అయితే లెవోడోపా ఎసెన్షియల్ ట్రెమర్‌కు పని చేయదు. రోగం ఏదో తెలియకుండా మందు మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం వృథా.

మందు, రోజా, ఖర్చు

ఈ వణుకును పూర్తిగా పోగొట్టే మందు లేదు. తగ్గించే మందులు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ప్రొప్రనలాల్, ప్రిమిడోన్. రెండూ దశాబ్దాల నుంచి వాడుకలో ఉన్న పాత మందులు. మందు పడినవారిలో వణుకు సుమారు సగానికి తగ్గవచ్చును, అసలే పడనివారూ గణనీయంగా ఉంటారు. ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు. మధుమేహం ఉన్నవారిలో రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కలిగే గుండెదడ వంటి హెచ్చరికలను అది కప్పిపుచ్చుతుంది. ప్రిమిడోన్ మొదటి రోజులలో మగతను, వికారాన్ని కలిగించవచ్చును. పొరుగువారి చీటీ చూసి మందు కొనడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుస్తుంది.

రంజాన్ నెలలో మరొక జాగ్రత్త కావాలి. రోజా పేరిట ప్రొప్రనలాల్‌ను ఉన్నట్టుండి మానేస్తే గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉన్నది. రోజుకు ఒక్కసారి వేసుకునే నిదాన రకం బిళ్లలు దొరుకుతాయి. రంజాన్‌కు కొన్ని వారాల ముందే వైద్యుని కలిసి, సహరీకి ఇఫ్తార్‌కు సరిపోయేటట్లు మోతాదును మార్పించుకోవాలి. అది కుదరని రోగికి షరీఅత్ ఇచ్చిన సడలింపు ఉండనే ఉన్నది. ఆ సంగతిని ఖుత్బాలో ఒక్కమాటగా ఇమాములు చెప్పగలిగితే ఎందరికో మేలు జరుగుతుంది. నిద్ర తక్కువైనా, చాయ్ కాఫీలు ఎక్కువైనా వణుకు పెరుగుతుంది. తరావీహ్ తరువాత అర్ధరాత్రి దాకా సాగే చాయ్ కూటములు ఈ రోగులకు సరిపడవు.

మందులకు లొంగని తీవ్రమైన వణుకుకు మెదడులో సన్నని తీగను అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఉన్నది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ బృందం దీనికి బాట వేసింది. శబ్దతరంగాలను మెదడులోని ఒక బిందువుపై కేంద్రీకరించి చేసే చికిత్సకు 2016లో అమెరికాలో అనుమతి లభించింది. రెండూ లక్షల రూపాయల ఖర్చుతో కూడుకున్నవి. మగ్గం పని చేసుకునే కుటుంబానికి ఇవి అందని ద్రాక్షలే. మనం అడగవలసినది ముందుగా చవకైన మందు, సరైన రోగ నిర్ధారణ. జిల్లా ఆసుపత్రిలో నెలకు ఒక్కరోజైనా న్యూరాలజిస్టు కూర్చుంటే అనేకమంది రోగులకు హైదరాబాదు ప్రయాణం తప్పుతుంది.

చేతిపనివారికి ఎవరు దిక్కు?

మన సమాజంలో ఈ వ్యాధికి ఉన్న ప్రత్యేకత ఇక్కడే ఉన్నది. హైదరాబాదు పాతబస్తీలో జర్దోజీ, మగ్గం పని చేసేవారు, లాడ్ బజారు లక్క గాజులలో అద్దాలు పొదిగేవారు, దర్జీలు, గడియారాలు బాగుచేసేవారు, క్షౌరం చేసేవారు, వీరందరికీ చేతి నిలకడే పెట్టుబడి. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో ముస్లింలు జీతపు ఉద్యోగాలలో తక్కువగా, స్వయం ఉపాధిలో ఎక్కువగా ఉన్నారని చూపించింది. పని చేసే ముస్లిం మహిళలలో సుమారు 70 శాతం మంది ఇంటి నుంచే పని చేస్తున్నారని, మొత్తం కార్మికులలో ఆ వాటా 51 శాతమేనని తెలిపింది.

ఈ లెక్కకు మన చర్చతో ఉన్న సంబంధం ఏమిటి? ఆఫీసులో గుమాస్తాకు చేయి వణికితే అతడు కంప్యూటర్ పనికి మార్చమని యజమానిని అడగవచ్చును, అడగడానికి ఒక చట్టం ఉన్నది. ఇంట్లో కూర్చుని పీసు లెక్కన మగ్గం పని చేసే ఆపాకు యజమాని ఎవరు? ముక్కకు ఇంత అని ఇచ్చే మధ్యవర్తి, కుట్టు వంకర పోయిన రోజున పని ఇవ్వడం మానివేస్తాడు. ఆమెకు సెలవు లేదు, ఈఎస్ఐ లేదు, పని మార్పు లేదు. వణుకు మొదలైన మొదటి సంవత్సరంలోనే ఆదాయం పోతుంది. చాలా ఇళ్లలో ఆ లోటును చదువు మానిన కూతురు పూరిస్తుంది.

ఇటువంటి కుటుంబాలకు ఒక మార్గం ఉన్నది. సూది పట్టలేని చేయి నమూనా ఎంపిక చేయగలదు, రంగులు కూర్చగలదు, శిక్షణ ఇవ్వగలదు, లెక్కలు చూడగలదు. ముప్పై ఏళ్ల అనుభవం వేళ్లలోనే కాదు, కంటిలోను బుద్ధిలోను ఉంటుంది. పనివారు సంఘంగా ఏర్పడిన చోట ఈ మార్పిడి సాధ్యం. బైతుల్ మాల్, జకాత్ నిధులను నిర్వహించేవారు రోగికి నెలసరి రేషన్ ఇవ్వడంతో సరిపెట్టక, వృత్తిలోనే మరొక పనికి మారేందుకు ఆరు నెలలో సంవత్సరమో ఆసరా ఇచ్చే పద్ధతిని ఆలోచించాలి.

చట్టం తెరిచిన తలుపు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీర్ఘకాలిక నరాల వ్యాధుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లు ఉన్నాయి. ఎసెన్షియల్ ట్రెమర్ పేరు లేదు. అయితే ఆ రెండింటినీ 'వంటి' అనే మాటతో ఉదాహరణలుగానే చెప్పడం వలన తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఇతర వైకల్యాలను నోటిఫై చేసే అధికారాన్ని కూడా ఆ చట్టపు షెడ్యూలు కేంద్రానికి ఇచ్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ప్రభుత్వోద్యోగిని తొలగించడం గాని హోదా తగ్గించడం గాని చేయరాదని 20వ సెక్షన్ చెబుతున్నది.

విద్యార్థులకు ఇంకా దగ్గరైన తీర్పు ఒకటి ఉన్నది. సివిల్ సర్వీసెస్ పరీక్ష వ్రాయదలచిన వికాస్ కుమార్ అనే అభ్యర్థికి వ్రాసేటప్పుడు చేయి పట్టివేసే రైటర్స్ క్రాంప్ ఉన్నది. 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో అతనికి లేఖకుని నిరాకరించారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం ఆ నిరాకరణను తప్పుపట్టింది. వ్రాయడంలో ఇబ్బంది ఉన్న వికలాంగునికి సహాయం చేయడానికి 40 శాతం అనే గీత అడ్డు కారాదని తీర్పు చెప్పింది. దాని ఫలితంగా 2022 ఆగస్టు 10న కేంద్రం మార్గదర్శకాలను వెలువరించింది. ప్రభుత్వ వైద్యుల కమిటీ ధృవపత్రం ఉంటే లేఖకుని సహాయం గాని, గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం గాని పొందే వీలు ఏర్పడింది. 2025 ఫిబ్రవరిలో మరొక కేసులో కూడా సుప్రీంకోర్టు ఇదే బాటను బలపరచింది.

ఇంటర్, డిగ్రీ, డీఎస్సీ, గ్రూప్స్ పరీక్షలు వ్రాసే మన పిల్లలలో చేతి వణుకు వలన సగం పేపరు వదిలివేసి వచ్చేవారికి ఈ తీర్పు తెలుసునా? పరీక్షకు వారం ముందు పరుగెత్తితే ధృవపత్రం రాదు. విద్యాసంవత్సరం మొదట్లోనే దరఖాస్తు చేయాలి. నిరాకరిస్తే నిరాకరణను వ్రాతపూర్వకంగా అడగాలి. మన న్యాయవాదులు, కార్యకర్తలు ప్రతి జిల్లాలోను ఇటువంటి ఒక్క దరఖాస్తునైనా చివరిదాకా నడిపిస్తే తరువాతివారికి దారి ఏర్పడుతుంది.

బ్యాంకు సంతకం మరొక చోటు. సంతకం కలవలేదని చెక్కు తిప్పి పంపినప్పుడు వృద్ధులు అవమానంతో కొడుకు చేతికి ఏటీఎం కార్డు ఇచ్చివేస్తారు. ఆనాటి నుంచి తమ సొమ్ముకు తామే పరాయివారవుతారు. జబ్బు వలన సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేసి, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షుల గుర్తింపుతో సొమ్ము తీసుకోవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధనలలో ఉన్నది. ఆ సాక్షులలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి కావాలి. సంతకం మారిపోతే కొత్త నమూనా సంతకం ఇవ్వడం కూడా ఖాతాదారు హక్కే.

ఇంట్లో, మస్జిద్‌లో చేయదగినవి

కుటుంబం చేయగలిగినది చాలా ఉన్నది, దానికి ఖర్చు తక్కువ. గ్లాసును సగం వరకే నింపాలి. పలుచని గాజు కప్పుకు బదులు బరువైన, వెడల్పు పిడి ఉన్న కప్పు, అవసరమైతే మూత, స్ట్రా ఇవ్వాలి. మోచేతిని బల్లకు గాని ఒంటికి గాని ఆనించి పట్టుకుంటే వణుకు తగ్గుతుంది. చెంచాకంటే చేతితో తినడం చాలామందికి సులభం, మన అలవాటు అందుకు అనుకూలమే. హలీమ్ వంటి జారే పదార్థానికి లోతైన గిన్నె, బరువైన చెంచా పెట్టాలి. వుజూకు లోటా బదులు కుళాయి ఉండాలి. రేజరుకు బదులు విద్యుత్ ట్రిమ్మర్, గుండీలకు బదులు అంటించుకునే పట్టీలు, లావు కలం మేలు చేస్తాయి. ఫోనులో తెలుగులోను ఉర్దూలోను మాట చెబితే అక్షరమయ్యే సౌకర్యం ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నది.

అన్నిటికంటే ముఖ్యమైనది మన ప్రవర్తన. దావత్‌లో చేయి వణుకుతున్న పెద్దమనిషి చేతిలోని గ్లాసును లాక్కోవడం సాయం కాదు. అడిగి చేయడం సాయం. నలుగురు చూస్తున్నారన్న భావం కలిగితే వణుకు రెట్టింపవుతుంది. కాబట్టి చూడనట్లుండడం కూడా ఒక సేవే. రోగి తనంతట తానే "నాకు చేతులు వణికే జబ్బు ఉన్నది, కంగారు లేదు" అని మొదటే చెప్పివేయగలిగితే సగం బరువు దిగుతుంది. ఆ మాట చెప్పగలిగే ధైర్యం ఒంటరిగా ఉన్నవానికి రాదు. అదే బాధ అనుభవించిన మరొకరు పక్కన ఉన్నప్పుడు వస్తుంది.

అందుకే తోడు బృందాలు కావాలి. అమెరికాలో 1988 నుంచి ఇంటర్నేషనల్ ఎసెన్షియల్ ట్రెమర్ ఫౌండేషన్ పని చేస్తున్నది. మన దేశంలో 2001లో ముంబైలో మొదలైన పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ రోగులను ఒకచోట చేర్చి ఉచితంగా సమావేశాలు నడిపించే పద్ధతిని చూపించింది. అటువంటిదానికి పెద్ద సంస్థే కానక్కరలేదు. నెలకొకసారి జుమా తరువాత మస్జిద్ హాలులోనో, షాదీఖానాలోనో, పాఠశాల గదిలోనో పదిమంది కూర్చుంటే చాలు. స్త్రీలకు వేరుగా, వారికి వీలైన వేళలో మరొక సమావేశం ఉండాలి. ఏ వైద్యుడు ఓపికగా చూస్తాడు, ఏ మందు ఎవరికి పడింది, ధృవపత్రం ఎలా వచ్చింది, ఏ కప్పు ఎక్కడ దొరికింది అనే మాటలు అక్కడ పంచుకోవచ్చును. ఆ గుంపు ముస్లింలకే పరిమితం కానక్కరలేదు. వణుకుకు మతం లేదు. పొరుగువారిని పిలిస్తే ఇరుగుపొరుగు సంబంధం కూడా బలపడుతుంది.

రెండు అభ్యంతరాలు

ఇంత పెద్ద సమస్యలు ముందుండగా చేతి వణుకుకు ఇన్ని పేజీలా అని కొందరు పాఠకులు అడగవచ్చును. పెద్ద సమస్యలతో పోరాడేవారు మనుషులే. సంతకం చేయలేక పిటిషన్‌కు దూరమైనవాడు, నలుగురిలో కూర్చోలేక సభకు రానివాడు, పని పోయి బిడ్డ చదువు మాన్పించినవాడు ఆ పోరాటంలో ఎలా నిలబడతాడు?

ఇది అల్లాహ్ నిర్ణయం, సబ్ర్ వహించాలి అని మరికొందరు అంటారు. సబ్ర్ రోగి గుణం. దానిని అతనికి ఉపదేశించి మనం చేతులు ముడుచుకోవడానికి అది సాకు కారాదు. వైద్యం చేయించుకోవడం, రోగిని పరామర్శించడం మన దీన్ నేర్పిన విధులే. పరామర్శకు వెళ్లేది మంచాన పడిన రోగి దగ్గరికి మాత్రమే కాదు. నడుస్తూ, తిరుగుతూ, లోలోపల ముడుచుకుపోతున్న రోగి కూడా పరామర్శకు అర్హుడే.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి. దైనందిన జీవితానికి అడ్డుపడేంత తీవ్రమైన ఎసెన్షియల్ ట్రెమర్‌ను కేంద్రం వైకల్యాల జాబితాలో పేరుతో చేర్చాలి. అందరికీ పింఛను ఇవ్వమని మేము కోరడం లేదు. వణుకు తీవ్రతను కొలిచే పద్ధతులు వైద్యులవద్ద ఉన్నాయి, వాటిని ఉపయోగించి అర్హులను నిర్ణయించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు జిల్లా ఆసుపత్రులలో నరాల వైద్యుల శిబిరాలను క్రమబద్ధంగా నిర్వహించాలి. పరీక్షా బోర్డులు లేఖకుల నిబంధనలను తెలుగులోను ఉర్దూలోను ప్రతి కళాశాలలో ప్రకటించాలి. ఇంటి నుంచి పని చేసే చేతిపనివారికి జబ్బు కాలంలో ఆదాయ భద్రత కల్పించాలి.

ప్రభుత్వం స్పందించడానికి కాలం పడుతుంది. మన మొహల్లా స్పందించడానికి అంత కాలం అక్కరలేదు. ప్రతి మస్జిద్ కమిటీ తన పరిధిలో ఇటువంటివారు ఎందరున్నారో తెలుసుకొని, వారి ఇష్టం మేరకు ఒక్కసారి ఒకచోట కూర్చోబెట్టాలి. కుళాయి, కుర్చీ, చదివి పెట్టే ఒక యువకుడు, బ్యాంకుకు తోడు వెళ్లే ఒక మనిషి, ఇవి ఈ నెలలోనే ఏర్పాటు చేయదగినవి. ఏ ఊరిలోనైనా అటువంటి ప్రయత్నం మొదలైతే మాకు వ్రాయండి. ఏది ఫలించింది, ఏది ఫలించలేదు అనే అనుభవాలను ఇతర ఊళ్లకు అందించే బాధ్యతను మేము తీసుకుంటాము, ఇన్షా అల్లాహ్.